లంకెబిందెలు కాదు, కుండపెంకులు చూడండి: పరదేశీయులు ఒక చోటికి వచ్చారని ఎలా కనిపెడతారు?

ఈ ఎపిసోడ్ మార్కాపురం, గిద్దలూరు, కంభం, దొనకొండ వైపు వాళ్లకి కొంచెం ఎక్కువ దగ్గరగా ఉంటుంది. మాదీ ఆ పక్కే. టాపిక్ మాత్రం అమెరికాలో మొదలవుతుంది, తర్వాత గుండ్లకమ్మ ఒడ్డుకి వస్తుంది. ఎందుకు అమెరికా నుంచి మొదలుపెడుతున్నానో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

ప్రశ్న ఏందంటే, ఎక్కడో సముద్రం అవతల నుంచి కొందరు మనుషులు వచ్చారు. అప్పటికే అక్కడున్న జనాన్ని కలిశారు. వ్యాపారం చేశారు, లేదా కొట్లాడారు, తర్వాత వెళ్లిపోయారు. ఐదొందల ఏళ్లో, రెండు వేల ఏళ్లో గడిచాక వాళ్లు కచ్చితంగా ఈ చోటికే వచ్చారని ఎవరైనా ఎలా చెప్పగలరు? ఇలాంటి చోట్లని పురావస్తు శాస్త్రంలో కాంటాక్ట్ సైట్లు అంటారు, అంటే రెండు లోకాలు ఒకదానికొకటి తగిలిన చోటు అన్నమాట.

ముందు ఒక పెద్ద ఉదాహరణ చూద్దాం. 1539 మే నెలలో హెర్నాండో డి సోటో అనే స్పెయిన్ సేనాని దాదాపు 600 మందితో ఫ్లోరిడా తీరంలో దిగాడు. గుర్రాలు, పందులు కూడా తెచ్చుకున్నాడు. బంగారం కోసం వెతుక్కుంటూ ఇప్పటి అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో నాలుగేళ్లు తిరిగారు. డి సోటో 1542లో మధ్యలోనే చనిపోయాడు. మిగిలిన వాళ్లు, సుమారు సగం మంది, 1543లో మెక్సికో చేరారు. అందులో కొందరు ఏ ఊరు దాటాం, ఏ నది దాటాం, ఎవరితో యుద్ధం చేశాం అని రాసిపెట్టారు కూడా.

మరి రాతలు ఉన్నాయి కదా, ఇంక వెతకడం దేనికి అంటారా? చిక్కంతా అక్కడే ఉంది. వాళ్లు రాసిన ఊళ్లు ఇప్పుడు లేవు. పేర్లేమో వాళ్ల చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నారు. 1939లో అమెరికా ప్రభుత్వం వేసిన కమిషన్, జాన్ స్వాంటన్ ఆధ్వర్యంలో, ఆ కాగితాలన్నీ చదివి ఒక రూట్ మ్యాప్ గీసింది. తర్వాతి తరంలో చార్లెస్ హడ్సన్ అనే పరిశోధకుడు అవే కాగితాలు చదివి చాలా చోట్ల వేరే దారి గీశాడు. ఒకే పుస్తకం, రెండు మ్యాపులు. ఎవరిది కరెక్టో తేల్చేది నేల ఒక్కటే.

ఆ నేల 1987లో నోరు విప్పింది. ఫ్లోరిడా రాజధాని టల్లహసీలో ఆఫీసులు కట్టబోతున్న స్థలంలో కాల్విన్ జోన్స్ అనే పురావస్తు అధికారి తవ్వి చూశాడు. ఏం దొరికాయి? బంగారం కాదు. ఇనప గొలుసు చొక్కా నుంచి ఊడిన చిన్న చిన్న రింగులు, నూనె జాడీల పెంకులు, నాలుగైదు రాగి నాణేలు, ఒక బాణపు మొన, ఒక పంది దవడ ఎముక. డి సోటో 1539 చలికాలం గడిపిన అనహైకా అనే ఊరు ఇదేనని వీటితోనే తేలింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, అసలు కిటుకు ఇదే. నూనె జాడీ పెంకు ఒక్కటే దొరికితే చాలదు. ఎందుకంటే ఆ తర్వాత వందేళ్లకి, అంటే 1600ల్లో, అదే ప్రాంతానికి స్పెయిన్ మతగురువులు కూడా వచ్చారు. వాళ్లూ అలాంటి జాడీలే వాడారు. కానీ గొలుసు చొక్కా, క్రాస్‌బో బాణం అప్పటికి పాతబడిపోయిన సరుకు, అవి డి సోటో కాలానివి. ఇక పంది విషయానికొస్తే, యూరప్ వాళ్లు తేకముందు ఆ ఖండంలో మన ఊరి పందులే లేవు. ఒక్కో వస్తువు ఒక్కో అనుమానాన్ని తీసేస్తుంది. అన్నీ ఒకే పొరలో, ఒకే చోట కలిసి దొరికాయి కాబట్టి సాక్ష్యం గట్టిగా నిలబడింది.

ఇంకో కథ. 1559లో ట్రిస్టాన్ డి లూనా 11 ఓడలతో, దాదాపు 1500 మందితో ఫ్లోరిడాలోని పెన్సకోలా దగ్గర కాలనీ పెట్టాడు. నెల తిరిగిందో లేదో సెప్టెంబర్ తుపానులో ఓడలు ఎక్కువ భాగం మునిగిపోయాయి. మునిగిన ఓడ ఒకటి 1992లో కనపడింది. కానీ జనం ఉన్న ఊరు ఎక్కడో 2015 దాకా ఎవరికీ తెలియలేదు. అప్పుడు టామ్ గార్నర్ అనే లోకల్ మనిషి, పాత ఇల్లు పడగొట్టిన ఖాళీ స్థలంలో కుండపెంకులు గమనించి యూనివర్సిటీ వాళ్లకి చూపించాడు. అలా దొరికింది ఆ ఊరు. చూసే కన్ను ఉన్న ఒక మామూలు మనిషి వల్ల.

మూడోది నార్త్ కరోలినాలోని జోరా. 1567లో హువాన్ పార్డో అనే స్పెయిన్ కెప్టెన్ అక్కడి స్థానిక జనం ఊరి పక్కనే ఒక కోట కట్టించాడు. సుమారు ఏడాదిన్నరకే ఆ జనం తిరగబడి దాన్ని తగలబెట్టారు. 2013లో ఆ కోట కందకం బయటపడింది. కందకం అంటే వస్తువు కాదు కదా, మరి ఎలా కనిపించింది? ఎప్పుడో తవ్వి పూడ్చిన గోతిలో మట్టి రంగు చుట్టూ ఉన్న మట్టిలా ఉండదు. పైపొర జాగ్రత్తగా గీకితే నేల మీద మరకలా కనిపిస్తుంది. ఆ మరకే కోట. దాని మీద ఎవరైనా పార వేసి కెలికేస్తే సాక్ష్యం అక్కడితో అయిపోయినట్టే.

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

మన తెలుగు నేల మీదికి బయటి వాళ్లు రావడం చాలా పాత సంగతి. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళ రచయిత టాలమీ కృష్ణా తీరాన్ని మైసోలియా అన్నాడు, అక్కడ కొంటకోస్సిల అనే ఊరు ఉందన్నాడు. ఇదేం పేరు అనుకుంటారు కదా! నాగార్జునకొండ శాసనంలో కంటకసెల అనే ఊరు కనిపిస్తుంది. అదే ఇప్పటి కృష్ణా జిల్లా ఘంటసాల. పరాయి వాడి నోట్లో వంకర పోయిన పేరుని మన శాసనం సరిచేసింది.

ఇలాంటివి తర్వాత కూడా జరిగాయి. డచ్చి వాళ్లు 1606లో, ఇంగ్లీషు వాళ్లు 1611లో దిగిన నిజాంపట్నం వాళ్ల కాగితాల్లో పెట్టపోలి. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు వాళ్లు స్థావరం పెట్టుకున్న నెల్లూరు తీరపు దుగరాజపట్నం వాళ్లకి ఆర్మగాన్. పేరు చూసి ఊరు పట్టుకోవడం అమెరికాలోనే కాదు, ఇక్కడా తలనొప్పే.

ఇవన్నీ సముద్రం ఒడ్డు ఊళ్లు, మాకేం సంబంధం అని మార్కాపురం వాళ్లు అనొచ్చు. ఉంది. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో గుంటూరు రైలెక్కితే దొనకొండ దాటాక వినుకొండ వస్తుంది. ఆ వినుకొండలో 19వ శతాబ్దం చివర్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. టైబీరియస్ చక్రవర్తి నుంచి కారకల్లా దాకా, అంటే సుమారు రెండొందల ఏళ్ల తేడా ఉన్న నాణేలు ఒకే చోట ఉన్నాయి. ఇక్కడ ఒక చిన్న లాజిక్ నేర్చుకోండి. నిధిని ఎప్పుడు పాతిపెట్టారో తెలియాలంటే అందులో అన్నిటికంటే పాత నాణెం చూడకూడదు, అన్నిటికంటే కొత్తది చూడాలి. కారకల్లా 217లో చనిపోయాడు, అతని నాణెం ముద్రించక ముందు అది ఆ కుప్పలోకి రాలేదు కదా. కాబట్టి ఆ నాణేలు నేలలోకి పోయింది అతని కాలంలోనో ఆ తర్వాతో.

మరి రోమన్ మనిషి వినుకొండకి వచ్చాడా? తొందరపడకండి. నాణెం వచ్చిందంటే మనిషి వచ్చాడని కాదు. మీ ఫోన్ చైనాలో తయారై ఉండొచ్చు, అలాగని మీ ఇంటికి చైనా వాళ్లు వచ్చినట్టు కాదు కదా! సరుకు చేతులు మారుతూ మనిషి కంటే చాలా దూరం పోతుంది. అమెరికాలో కూడా స్పెయిన్ గాజుపూసలు స్పెయిన్ వాళ్లు అడుగుపెట్టని ఊళ్లలో దొరుకుతాయి.

ఇంకా చిక్కు కావాలంటే పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు చూడండి. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వాడు. ఇటలీలో తయారైన ఎర్రటి మెరుపు పాత్రల ముక్కలు, సారాయి పోసి పంపే రోమన్ జాడీల ముక్కలు దొరికాయి. వాటితో పాటు, లోపల అడుగున చిన్న చిన్న గాట్లతో వలయాలు గీసిన నున్నటి పళ్లేలు కూడా ఉన్నాయి. దీన్ని రౌలెటెడ్ వేర్ అంటారు. మొదట్లో ఇది కూడా రోమ్ సరుకే అనుకున్నారు. తర్వాత మట్టిని ల్యాబులో పరీక్షిస్తే అది మన దేశంలోనే తయారైందని తేలింది. మన అమరావతిలోనూ ఇలాంటి పెంకులు దొరికాయి. అంటే పెంకు చూడగానే ఫారిన్ అనెయ్యడానికి లేదు, మట్టిని అడగాలి.

మరి మనిషే వచ్చి ఉన్నాడని ఎప్పుడు నమ్మాలి? ఎవరూ కొనని, ఎవరూ కానుకగా ఇవ్వని చెత్త దొరికినప్పుడు. విరిగిన వంటపాత్ర, వంగిన మేకు, తిని పారేసిన ఎముక. బంగారం చేతులు మారుతుంది గానీ, పగిలిన కుండని వంద మైళ్లు ఎవడు మోస్తాడు? అందుకే టల్లహసీ పంది దవడ ఎముక చాలా బంగారు నాణేల కంటే గట్టి సాక్షి.

సరే, పశ్చిమ ప్రకాశంలో వెతకాలంటే ఎక్కడ వెతకాలి? దారులు చూడాలి. ఒకటి గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, ఒంగోలు పక్కన సముద్రంలో కలుస్తుంది. ఆ నది ఒడ్డునే దొనకొండ మండలం చందవరం ఉంది. అక్కడ సింగరకొండ మీద శాతవాహనుల కాలపు పెద్ద బౌద్ధ స్తూపం ఉంది. 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు దాన్ని గుర్తించారు. 1970ల్లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. మన వైపు ఎంత మంది వెళ్లి చూశారో చెయ్యి ఎత్తండి! రెండు వేల ఏళ్ల కిందట కొండ మీద అంత ఖర్చు పెట్టి స్తూపం కట్టారంటే, కింద దారిలో జనం, వ్యాపారం ఉన్నట్టే. ఊరికే అడవిలో ఎవరూ కట్టరు.

రెండోది కొండ దారులు. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు పోయే కనుమ, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే దారి. నల్లమలని దాటాలంటే ఎక్కడ పడితే అక్కడ దాటలేం, రాజైనా వర్తకుడైనా ఆ సందుల్లోంచే పోవాలి. ఈ ప్రాంతంలో చూసే కన్నున్న వాళ్లు ముందు కూడా తిరిగారు. కర్నూలు, నల్లమల ప్రాంతపు రాతి పనిముట్ల గురించి కామియాడ్, బర్కిట్ అనే ఇద్దరు 1930లో రాశారు. గిద్దలూరు చుట్టుపక్కల దొరికిన ఆదిమ మానవుల రాతి పనిముట్ల మీద సౌందరరాజన్ గారు 1950ల మొదట్లో పరిశోధన ప్రచురించారు. అప్పట్లో గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేది, 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిపారు. అంటే కరువు ప్రాంతం, చరిత్ర ఏం లేదు అని మనల్ని మనమే తక్కువ చేసుకునే ఈ నేలలో మనిషి అడుగు చాలా పాతది.

మూడోది సముద్రం కొస. చీరాల దగ్గర మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. అందులో సారాంశం ఇది: తుపానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని ఇంతకుముందు రాజులు లాక్కునేవాళ్లు, మేం సుంకం తప్ప ఇంకేం తీసుకోం. విదేశీ వర్తకులకి రాజు రాతి మీద ఇచ్చిన గ్యారంటీ. అది వేసిన కొన్ని దశాబ్దాలకి మార్కో పోలో ఆ ఊరిని ముత్ఫిలి అని రాశాడు, అక్కడి రాణి పాలనని, సన్నటి బట్టని, కొండల్లో దొరికే వజ్రాలని మెచ్చుకున్నాడు. ఓడ తీరంలో ఆగుతుంది సరే, కొండల్లోని సరుకు అక్కడిదాకా రావాలంటే లోపలి దారులు ఉండాల్సిందే కదా.

ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు అసలు బాధ చెప్తా.

మా పక్క చిన్నప్పటి నుంచి వినే మాట ఒకటుంది: లంకెబిందెలు. పాత గుడి అంటే కింద నిధి, పాత కోట అంటే కింద నిధి. అమావాస్య రాత్రి పూజలు, తెల్లారేసరికి గొయ్యి. నల్లమల అంచు ఊళ్లలో ఇది వార్త కూడా కాదు. నేను తిరిగిన పాడుబడ్డ గుళ్లలో గర్భగుడిలో గొయ్యి లేనివి తక్కువే. ఇప్పుడైతే మెటల్ డిటెక్టర్లు కూడా తెస్తున్నారు. చందవరంలో అయితే మ్యూజియంలో పెట్టిన శిల్పాలనే దొంగలు ఎత్తుకుపోయారు.

నిధి దొరికితే ఏమవుతుందో 1787లో మద్రాసు నుంచి రాసిన ఒక ఉత్తరంలో ఉంది. రాసింది అంతకుముందు మద్రాసు గవర్నర్‌గా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్. నెల్లూరు దగ్గర రాళ్ల గుట్ట పక్కన ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, దాని కింద చిన్న కుండ, కుండలో రెండో శతాబ్దపు రోమన్ నాణేలు. పాపం ఆయన పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా వరకు కరిగిపోయాయి. నవాబు కొడుకు ముప్పై పైచిలుకు మాత్రం వెనక్కి తెప్పించగలిగాడు.

ఇందులో పోయింది బంగారమా? కాదు. రోమన్ నాణేలు ఇంకా చాలా చోట్ల దొరికాయి. పోయింది ఆ చోటు. ఆ గుడి ఎవరిది, నాణేలు పెట్టాక గుడి కట్టారా, గుడి కట్టాక పెట్టారా, పక్కన ఇళ్లున్నాయా, ఏం తిన్నారు, అది కానుకా లేక భయపడి దాచిందా? ఈ ప్రశ్నలన్నిటికీ ఆ మట్టిలో జవాబు ఉండేది. ఆ చోటుకి మళ్లీ పోదామన్నా ఆ ఉత్తరంలో రాళ్ల గుట్ట పక్కన అని తప్ప గుర్తు లేదు. టల్లహసీలో పంది ఎముక పక్కన నాణెం ఉండబట్టే చరిత్ర దొరికింది. అదే నాణేన్ని ఎవరో జేబులో వేసుకుపోయి ఉంటే అది వట్టి రాగిముక్క.

గుప్తనిధుల వాడు ఎక్కువసార్లు బంగారం పట్టుకుపోడు ఫ్రెండ్స్. దొరక్క ఉత్తి చేతుల్తోనే పోతాడు. కానీ ఆ వెతుకులాటలో ఒక పేజీని చింపి పోతాడు. ఆ పేజీకి జిరాక్స్ లేదు.

మరి మనం ఏం చెయ్యొచ్చు? చేతిలో ఫోనుంది కదా.

మన ఊళ్లలో పాటిదిబ్బలు తెలుసు కదా? పాత ఊరు ఉండి పోయిన దిబ్బ. ఆ పాటిమన్ను బలంగా ఉంటుందని చేలకి తోలేవాళ్లు. అక్కడా, కొత్తగా కాలవ తవ్విన చోటా, లేఅవుట్ చదును చేసిన చోటా కుండపెంకులు, పూసలు, పెద్ద పెద్ద ఇటుకలు కనిపించొచ్చు. ఇప్పుడు వెలిగొండ కాలవలని, రోడ్లని, వెంచర్లని నేల బాగానే కదులుతోంది. కనిపిస్తే ముందు ముట్టుకోకండి. ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయండి. పక్కన ఒక పెన్నో, స్కేలో పెట్టి తీయండి, సైజు తెలుస్తుంది. దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి చుట్టూ చెట్టో గట్టో కనపడేలా ఒకటి తీయండి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి. చేను ఎవరిదో వాళ్లకి చెప్పండి. తర్వాత తహసీల్దార్ ఆఫీసుకో, పురావస్తు శాఖకో తెలపండి. మీ కాలేజీలో హిస్టరీ సార్ ఉంటే ఆయనకి చూపించండి.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. లొకేషన్‌తో రీల్ పెట్టకండి. లైకుల కంటే ముందు పారలు వస్తాయి.

చట్టం సంగతి కూడా వినండి, చాలా మందికి తెలియదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాచిన పది రూపాయల కంటే విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. దాచిపెడితే జైలు శిక్ష పడొచ్చు. చెప్తే మొత్తం గవర్నమెంట్ లాగేసుకుంటుందనేది అపోహ. యజమాని ఎవరూ లేరని తేలితే, ముందే వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడొంతులు దొరికినవాళ్లకి, ఒక వంతు ఆ స్థలం యజమానికి అని చట్టంలోనే ఉంది. ప్రభుత్వమే ఉంచుకోవాలనుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి చెల్లించాలి. 1787 ఉత్తరంలోని రైతుకి ఈ చట్టం లేదు. మనకి ఉంది.

చివరగా ఒక మాట. పరదేశీయులు వచ్చారా లేదా అనే ప్రశ్నలో అసలు గొప్ప సంగతి పరదేశీయులు కాదు. జోరాలో తవ్వితే స్పెయిన్ వాళ్ల గురించి తెలిసినంతా, వాళ్లకి అన్నం పెట్టి, చివరికి తగలబెట్టి తరిమిన స్థానిక జనం గురించి కూడా తెలిసింది. కాగితాలు రాసుకున్నది వచ్చినవాడు, ఉన్నవాడు రాసుకోలేదు. ఉన్నవాడి మాట మట్టిలోనే ఉంటుంది. మన గుండ్లకమ్మ ఒడ్డున కుండ చేసినవాడు, కనుమలో ఎద్దుల మీద సరుకు తోలినవాడు, చందవరం కొండ మీదికి రాళ్లు మోసినవాడు, వీళ్లెవరూ పుస్తకం రాయలేదు. వాళ్లు వదిలింది ఆ పెంకులే. అవి ఉన్న చోట ఉంటేనే వాళ్ల మాట వినపడుతుంది.

మీ ఊళ్లో పాటిదిబ్బని ఏమంటారో, దాని గురించి పెద్దవాళ్లు ఏం చెప్తారో ఈ ఆదివారం అవ్వనో తాతనో కూర్చోబెట్టి అడిగి రికార్డు చేసుకోండి. అది కూడా సాక్ష్యమే. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.